నిమ్ము

"అమ్మ రానంటాంది," అంది ఫోన్లో భ్రమరాంబిక.

నిర్మల ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని పప్పు ఎనుపుతోంది. ఆదివారం పూట ఆడబిడ్డ ఫోన్ చేసిందంటే ఆళ్ళగడ్డలో ఏదో ఒక పని ఆగిపోయి ఉంటుంది.

"యాడికి రానంటాంది వదినా?"

"ఇంగ యాడికి, హైదరాబాదుకే. నిమ్మున్న రొమ్ముకు ఐసు పెట్టే డాక్టరు యాడన్నా ఉంటాడా అనింది. లేచిపోయి రాళ్ళకాడ కూచుంది."

"ఐసు సంగతి ఆమెకెవరు చెప్పినారు?"

"నీ మొగుడే. నాయనకు ఫోన్ జేసి చెప్పినాడు. నాయన ఫోను ఎట్లుంటాదో నీకు తెలీదా?"

తెలుసు. మామగారు రామయ్యాచారి శిల్పాల షెడ్డులో గ్రైండర్ మోత ఆగేది తక్కువ. ఆ మోతలో వినబడదని ఆయన ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది. ఆ ఇంటి సంగతులు వీధిలో పోయేవాళ్ళకు కూడా తెలుస్తుంటాయి.

నిర్మల పొయ్యి ఆపి ముందు గదిలోకి వచ్చింది. వెంకటేష్ పేపరు చదువుతున్నాడు. విత్తనాల కంపెనీలో వారమంతా తిరుగుడే కాబట్టి ఆదివారం ఆ కుర్చీలోంచి లేవడు.

"నేను నాయనకు చెప్పినా. అమ్మకు చెప్పలేదు," అన్నాడు, భార్య ఏమీ అడగకముందే.

"స్పీకర్లో."

"స్పీకర్లో ఉండాదని నాకెట్ల తెలుస్తాది?"

"పదేండ్ల నుంచి ఉండాది."

అతను పేపరు మడిచి మళ్ళీ విప్పాడు. నిర్మల బీరువాలోంచి ఫైలు తీసింది. నెల రోజులుగా ఆ ఫైలు ఆమె చేతుల్లోనే తయారైంది. స్కానింగులు ఒక పక్క, రక్తపరీక్షలు ఒక పక్క, ప్రతి కాగితం మీద పెన్సిల్‌తో తారీఖు. నంద్యాల ఆసుపత్రిలో అత్తగారి పేరు తప్పు పడితే మూడుసార్లు తిరిగి దిద్దించింది. హైదరాబాదు ఆసుపత్రి వాళ్ళు పంపిన నాలుగు పేజీల ఫారం ఒక్క గడీ ఖాళీ లేకుండా, కొట్టివేత లేకుండా నింపింది. అక్కడి గుమస్తా, అందరూ ఇట్లా రాస్తే మాకు పనే ఉండదమ్మా అన్నాడు.

అత్తగారు శాంతమ్మ కుడి ఊపిరితిత్తి పైభాగంలో రెండు సెంటీమీటర్ల గడ్డ ఉంది. సూది పరీక్షలో అది క్యాన్సరని తేలింది. ఆ మాట ఆమెకు తప్ప ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజు ఆసుపత్రి మెట్లు దిగుతూ భ్రమరాంబిక, "ఏం లేదు మా, నిమ్ము చేరిందంట," అనేసింది. ఇక ఎవరూ ఆ మాట దాటలేదు. కోసి తీయడానికి ఆమె ఊపిరితిత్తులు తట్టుకోవన్నాడు నంద్యాల డాక్టరు. పొగ తాగుతారా అని అడిగాడు. లేదంది నిర్మల. కట్టెల పొయ్యా? పదిహేనేళ్ళుగా గ్యాసే. ఏం చేస్తుంటారు? ఇంట్లోనే ఉంటారు. గతంలో టీబీ వచ్చిందా? రాలేదు. ఆ టీబీ మాట ఆయన మళ్ళీ మళ్ళీ అడిగాడు. మూడోసారి అడిగినప్పుడు, ఈయన చెవులు ఎక్కడున్నాయా అని నిర్మలకు చిరాకేసింది.

ఇక మిగిలింది గడ్డను గడ్డకట్టించడం ఒక్కటే. స్కానింగ్‌లో చూస్తూ సన్నటి సూదులు చర్మం గుండా దించి, వాటిలోకి గ్యాసు పంపి, దాన్ని మంచుముద్ద చేసి చంపేస్తారు. మూడు సెంటీమీటర్లు దాటితే అది కూడా కుదరదన్నారు. హైదరాబాదులో ఆ పని చేసేచోట గురువారానికి తారీఖు దొరికింది. అది పోతే మళ్ళీ నెలన్నరకు. నెలన్నరలో అది ఎంతవుతుందో ఎవరూ చెప్పలేదు.

"అన్నం నువ్వే పెట్టుకో," అంది నిర్మల. "నేను ఆళ్ళగడ్డ పోతాండా."

నంద్యాలలో ఎక్కిన బస్సు శిరివెళ్ళ దాటాక కిటికీ రేకు పట్టుకుంటే చెయ్యి కాలింది. ఆళ్ళగడ్డలో దిగేసరికి నాలుగైంది. రోడ్డు పొడుగునా షెడ్ల ముందు సగం చెక్కిన దేవుళ్ళు ఎండకు కాగుతున్నారు. రామయ్యాచారి షెడ్డు ఇంటికి ముందే ఉంటుంది. ఇంట్లోకి పోవాలంటే రాళ్ళ మధ్య నుంచే పోవాలి. ఆయన గ్రైండర్ పట్టుకుని నంది మూపురం మీద వంగి ఉన్నాడు. నల్లరాయే అయినా దాని దుమ్ము తెల్లగా ఉంటుంది. ఆయన కనుబొమలూ, చెవుల మీది వెంట్రుకలూ, భుజం మీది తువ్వాలూ పిండిలో ముంచినట్టున్నాయి. కోడల్ని చూసి మిషను ఆపాడు. మాట్లాడే ముందు రెండుసార్లు దగ్గాడు. ఆయన వస్తున్నాడని వీధివాళ్ళు గుర్తుపట్టేది ఆ దగ్గుతోనే.

"వచ్చినావా అమ్మా. లోపలికి పా. ఈడ మాట్లాడొద్దు," అన్నాడు.

షెడ్డు ఆ చివర గోనెపట్టా మీద శాంతమ్మ కూర్చుని, ఒక అమ్మవారి చెంపను ఎమరీ కాగితంతో రుద్దుతోంది. కోడలి వైపు చెయ్యెత్తి మళ్ళీ పనిలో పడింది. ఆమె ఊరికే కూర్చోలేక రామయ్యాచారికి సాయం పడుతుంటుందని అందరూ అంటారు. నిర్మల కూడా అంటుంది.

వంటింట్లో సభ పెట్టారు. వెంకటేష్ ఫోన్లో ఉన్నాడు.

"స్పీకర్ తీసేయండి మామా," అంది నిర్మల.

"తీస్తే వాడేమంటాడో మీకెట్ల తెలుస్తాది?"

"నేను చెప్తా."

ఆయన ఫోన్‌ని అటూ ఇటూ తిప్పి కోడలి చేతిలో పెట్టాడు. నిర్మల స్పీకర్ ఆపి, తలుపు దగ్గరికి వేసింది.

"ఐసు గాదు, వేడి ఆవిరని చెప్దాం," అంది భ్రమరాంబిక. పక్క వీధే కాబట్టి ఆమె రోజుకు నాలుగుసార్లు పుట్టింటికి వస్తుంది. "నిమ్ముకు ఆవిరి పడతారు గదా. నమ్ముతాది."

"నేను పొద్దున్నే స్కానింగని చెప్పేసినా," అన్నాడు రామయ్యాచారి.

నిర్మల ఫోన్లో విని, "ఈయన ఇంజెక్షనని చెప్పినాడంట," అంది.

"ఎప్పుడు?"

"నేను బస్సులో ఉన్నప్పుడు."

ముందు గదిలో ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది.

"నిజం చెప్పేస్తే పోలేదా?" అంది నిర్మల.

"పోతాది. ఆ మాటకే పోతాది," అన్నాడు రామయ్యాచారి. ఆయన కళ్ళు అప్పుడే తడయ్యాయి. తువ్వాలుతో తుడుచుకుంటే మొహం మీద తెల్లటి చార మిగిలింది.

"నువ్వు చదువుకున్నదానివి," అంది భ్రమరాంబిక. "పుస్తకాల్లో ఏముంటాదో నీకు తెలుస్తాది. మా అమ్మ ఎట్లాటిదో నాకు తెలుస్తాది."

రాత్రి అన్నాల దగ్గర శాంతమ్మ వేడినీళ్ళు ఊదుకుంటూ తాగింది. ఆ ఇంట్లో పెరుగు లేనిదే ఆమె లేచేది కాదు. నెల రోజులుగా పెరుగు లేదు, మజ్జిగ లేదు. మిరియాల చారే. ఏప్రిల్ ఎండల్లో చెవులకు గుడ్డ కట్టుకుని మిరియాల చారు తాగుతున్న ఆమెను చూసి నిర్మల తన కంచం పక్కకు జరిపింది.

"మీ మామ స్కానింగంటాడు," అంది శాంతమ్మ, ఎవరినీ చూడకుండా. "ఆయమ్మ ఆవిరంటాది. వాడు ఇంజెక్షనంటాడు. ముందుగాల ఐసన్నాడు. నువ్వేమంటావో అది గూడా చెప్పు, ఇంటా."

"తొందరగా తిను మా, చల్లగైతాది," అంది భ్రమరాంబిక.

మర్నాడు పది గంటలకు కరెంటు పోయింది. గ్రైండర్ ఆగేసరికి షెడ్డంతా చెవుల్లో దూది పెట్టినట్టయింది. రామయ్యాచారి ఇద్దరు పనివాళ్ళనూ వెంటబెట్టుకుని టీకి పోయాడు. నిర్మల అత్తగారికి వేడినీళ్ళ ఫ్లాస్కు తీసుకుని వచ్చింది.

శాంతమ్మ అమ్మవారి ముక్కు పక్క గీత దగ్గరుంది. కాగితాన్ని మడిచి, బొటనవేలితో అదిమి, గోరంత చోటులో వరసగా రుద్దుతోంది. నాలుగు రుద్దులకొకసారి ఉఫ్‌మని ఊదుతోంది. ఊదినప్పుడల్లా తెల్లటి పొడి లేచి ఆమె మొహం మీదికే వస్తోంది. ఎక్కడో తేడాగా ఉందనిపించింది నిర్మలకు. కాసేపటికి తెలిసింది.

"నీళ్ళ చెంబేది అత్తా?"

పెళ్ళై వచ్చిన నాటి నుంచి అత్తగారి పక్కన ఆ సొట్టల చెంబును చూస్తూనే ఉంది. రాయి మీద నీళ్ళు చిలకరించుకుంటూ రుద్దేది. మోకాళ్ళ దాకా చీర తడిసి, బూడిదరంగు బురద కారుతుండేది.

"తడి పనికి రాదు గదా," అంది శాంతమ్మ.

"ఎందుకు పనికి రాదు?"

"నిమ్మంటిరి గదా. నిమ్ముండంగ నీళ్ళలో నానితే ఇంగా ఎక్కువైతాది. మీ వదినే చెంబు తీసి లోపల పెట్టింది."

"ఎన్నాళ్ళయింది?"

"మీరు నిమ్మని చెప్పిన్నాటి నుంచి. నెల."

ఆమె మళ్ళీ ఊదింది. పొడి లేచింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గింది.

నిర్మల ఫ్లాస్కు కింద పెట్టింది. ఇంట్లోకి పోయి, వంటింటి అటక కింద బోర్లించి ఉన్న చెంబు తీసి, తొట్టిలో ముంచి తెచ్చింది. అత్తగారి పక్కన గట్టిగా పెట్టింది. నీళ్ళు తొణికి గోనెపట్టా తడిసింది.

"నిమ్ము గాదు అత్తా."

శాంతమ్మ చెయ్యి ఆగలేదు.

"గడ్డ. కుడి ఊపిరితిత్తిలో. క్యాన్సర్ గడ్డ."

చెయ్యి అదే వరసలో నాలుగు రుద్దులు రుద్దింది. ఊదలేదు. ఆమె చెంబులో వేళ్ళు ముంచి అమ్మవారి చెంప మీద చిలకరించింది. పొడి నల్లబడి కిందికి జారింది.

"ఎంతుంది?"

"రేగ్గాయంత."

"యాడ?"

నిర్మల తన కుడి మెడ ఎముక కింద వేలు పెట్టి చూపించింది. శాంతమ్మ తన మీద అదే చోటు తడుముకుంది, రాయిలో గీత తడిమినట్టు.

"కోసేయరా?"

"నీ ఊపిరితిత్తులకు ఆ బలం లేదన్నారు. అందుకే ఐసు. సూది దించి, గడ్డను గడ్డకట్టిస్తారు. రెండుసార్లు. మధ్యలో కరగనిస్తారు. దాంతో అది చచ్చిపోతాది."

"గడ్డ వరకేనా, చుట్టూ గూడానా?"

నిర్మలకు వెంటనే తెలియలేదు. లోపలికి పోయి ఫైలు తెచ్చి, కాగితం వెతికింది. "చుట్టూ గూడా. చిటికెన వేలి మందం."

"అంత కలుపుకోవాల్సిందే," అంది శాంతమ్మ. "రాయిలో పగులు జీరుంటే జీర వరకే చెక్కి ఊరుకుంటే మళ్ళ ఆడనే పగుల్తాది." పక్కనున్న చిన్న సుత్తి తీసుకుని అమ్మవారి భుజం మీద టంగుమని కొట్టింది. రాయి గంటలాగా మోగింది. "మంచి రాయి ఇట్ల పలుకుతాది. జీరున్నది పలకదు. బండి మీంచి దించకముందే కొట్టి చూస్తాం. నన్ను మాత్రం కొట్టి చూసి, పలకలేదని నాకు చెప్పకుంటిరి."

"పోకుంటే అది పెద్దదైతాది అత్తా. మూడు సెంటీమీటర్లు దాటితే ఇది గూడా చేయరు. ఈ బేస్తవారం పోవల్ల."

"పోదాం." ఆమె కాగితం మడత మార్చింది. "సచ్చిపోతానా?"

"పోతే బాగయ్యేదానికి అవకాశం ఉంది. పోకుంటే లేదు. నాకు తెలిసింది అంతే."

"అంత చెప్పేదానికి నెల పట్టిందా మీకు?"

రోడ్డు మీద దగ్గు వినబడింది, రెండుసార్లు. రామయ్యాచారి టీ తాగి తిరిగి వస్తున్నాడు. శాంతమ్మ గొంతు తగ్గించింది.

"నాకు తెలిసిందని మీ మామతో అనొద్దు."

"అదేంది?"

"ఆయప్ప నిమ్ము నిమ్మనుకుంటా పూటకు రెండు ముద్దలన్నా తింటాండాడు. నాకు తెలిసిందంటే అదిగూడా తినడు. ఆ భ్రమర ఊరంతా వినబడేట్టు ఏడుస్తాది. నేను వాళ్ళను ఓదార్చుకుంటా కూచోవల్ల. నాకు పనుంది. బేస్తవారం లోపల ఈయమ్మ మొహం అయిపోవల్ల."

నిర్మలకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక అబద్ధం తీసేద్దామని వస్తే తన నెత్తిన ఇంకొకటి పడింది.

ఆ సాయంత్రం శాంతమ్మ తానే ఎత్తుకుంది. "ఆవిరో ఐసో, ఏదో ఒకటి. నిమ్ము పోతే సాలు. పోదాంపాండి," అంది. రామయ్యాచారి దేవుడి పటం వైపు తిరిగి దండం పెట్టుకున్నాడు. భ్రమరాంబిక వంటింట్లోకి వచ్చి నిర్మల చెవిలో, "చూస్తివా, ఆవిరనేసరికి మెత్తబడింది," అంది. నిర్మల కాకరకాయలు ఇంకాస్త సన్నగా తరిగింది. నీళ్ళ చెంబు మాత్రం మళ్ళీ షెడ్డులోనే ఉంది. దాన్ని చూసి భ్రమరాంబిక నోరు తెరవబోతే, డాక్టరే చెప్పాడంది నిర్మల. ఆమెకు కూడా అలవాటవుతోంది.

బుధవారం కారులో బయల్దేరారు. నంద్యాలలో వెంకటేష్ ముందు సీట్లోకి ఎక్కాడు. వెనక శాంతమ్మకు అటూ ఇటూ కూతురూ కోడలూ, చివరి చిన్న సీట్లో సంచుల మధ్య రామయ్యాచారి. బయట ఎండ నలభై రెండు. లోపల ఏసీ లేదు, అద్దాలు దించలేదు. నిమ్మున్న మనిషికి గాలి తగలకూడదని భ్రమరాంబిక డ్రైవరుకు ముందే చెప్పి ఉంచింది. తల్లి తలకు ఉన్నిటోపీ తొడిగి గడ్డం కింద బొత్తాం పెట్టింది. డ్రైవరు అద్దంలోంచి వెనక్కు చూస్తూ చెమట తుడుచుకున్నాడు.

"మీ అమ్మ యాడికి పోతాంది సామీ, కాశ్మీరుకా?" అన్నాడు వెంకటేష్‌తో, మెల్లగా.

"నిమ్ముందిలే," అన్నాడు వెంకటేష్.

శాంతమ్మ టోపీలోంచి కోడలి వైపు చూసింది. ముక్కు మీద చెమట బొట్లు. పెదాలు కదిలినట్టే కదిలి బిగుసుకున్నాయి. నవ్వు ఆపుకుంటోందని నిర్మలకు కర్నూలు దగ్గరకొచ్చేసరికి అర్థమైంది.

"ఏసీ వేయప్పా," అంది నిర్మల డ్రైవరుతో.

"నిర్మలా," అన్నారు ముగ్గురూ ఒకేసారి.

ఆసుపత్రిలో గురువారం పొద్దున ఏడున్నరకు పిలిచారు. సూదులు వేసే డాక్టరు చిన్న వయసు మనిషి, పేరు చందన. చేతిలో ఫైలుతో బయటికి వచ్చి, "పేషెంటుతో మాట్లాడాలి," అంది.

వెంకటేష్ అడ్డం పోయాడు. "మాతో చెప్పండి మేడం. మా అమ్మకు నిమ్మనే చెప్పినాం."

"ఏం చెప్పారు?"

"నిమ్మని. అంటే రొమ్ములో చెమ్మ…"

"మరి ఏం చేయించుకోడానికి వచ్చాననుకుంటున్నారు ఆవిడ?"

"ఆవిరి," అంది భ్రమరాంబిక.

"స్కానింగు," అన్నాడు రామయ్యాచారి.

డాక్టరు ముగ్గురినీ వరసగా చూసింది. "సంతకం ఆవిడది కావాలి. తెలియకుండా సంతకం పెట్టించుకుని నేను సూది పట్టుకోను. మీలో ఎవరు చెప్తారో చెప్పండి. లేకపోతే నేను చెప్తాను. అదీ వద్దంటే తారీఖు ఇంకొకరికి ఇచ్చేస్తాను."

రామయ్యాచారి గోడకు ఆనుకున్నాడు. భ్రమరాంబిక ఏడుపు మొదలుపెట్టింది. వెంకటేష్ భార్య వైపు చూసి, "నువ్వు చెప్పు మేడంకు, మనింట్లో ఎట్లుంటాదో," అన్నాడు.

తోపుడు కుర్చీలో కూర్చుని ఉన్న శాంతమ్మ టోపీ బొత్తాం తీసి, టోపీ కూతురి ఒళ్ళో పెట్టింది.

"ఏడ్చొద్దు. మొహం కడుక్కోపో," అంది. "నిర్మలా, నువ్వు రా. మీరు ఈడనే ఉండండి."

లోపలి గది చల్లగా ఉంది. శాంతమ్మ సుఖంగా ఊపిరి తీసుకుంది. లూదియా అనే నర్సు ఆమె చేతికి బీపీ పట్టీ చుట్టింది.

"మీకేముందో తెలుసా అమ్మా?" అంది డాక్టరు.

"క్యాన్సర్ గడ్డ. రేగ్గాయంత. సూది దించి ఐసు చేస్తారు. చుట్టూ చిటికెన వేలి మందం కలుపుకుని. రెండుసార్లు. నిర్మల చెప్పింది."

డాక్టరు నిర్మలను చూసి తలూపింది. నెల రోజుల్లో తన పనిని ఒక డాక్టరు పనిగా గుర్తించడం నిర్మలకు ఇదే మొదలు. ఆమె వీపు తిన్నగా అయింది.

"సంతకానికి ముందు అంతా ఒకసారి చదివిస్తాం," అంది లూదియా.

"ఆయమ్మే చదువుతాది," అంది శాంతమ్మ. "ఒక్కటి ఇడవొద్దు, నిర్మలా."

నిర్మల తాను నింపిన ఫారం తీసుకుంది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. స్పష్టంగా చదవడం మొదలుపెట్టింది. "పేరు, శాంతమ్మ. వయసు, యాభై తొమ్మిది. ఊరు, ఆళ్ళగడ్డ. వృత్తి, గృహిణి. పొగ…"

"అదేంది?"

"ఏది అత్తా?"

"ఊరి తర్వాతది."

"గృహిణి. అంటే… ఇంట్లో ఉండి…"

"ఎవరు ఇంట్లో ఉండేది?"

నిర్మల కాగితంలోకి చూసింది. ఆ గడి నింపిన రోజు గుర్తుంది. కలం ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"ఎవరు రాసినారు అది?"

"నేనే."

"నువ్వా," అంది శాంతమ్మ. కోపం లేదు. "మీ వదిన రాసిందనుకుంటి."

డాక్టరు చేతిలో కలం కింద పెట్టింది. "మీరేం పని చేస్తారమ్మా?"

"శిల్పాలకు నునుపు పెడతా. మాది ఆళ్ళగడ్డ. మా ఆయప్ప చెక్కుతాడు. చెక్కింది రాయే గదా, నేను రుద్దితేనే దేవుడైతాది. సుట్టుపక్కల ఊర్లలో మా షెడ్డు నుంచి పోయిన ఏ మొహమైనా నా చేతి కిందనే పోయింది."

"ఎన్నేళ్ళు?"

"పెండ్లైన మరుసటేడు నుంచి. ముప్పై ఎనిమిది."

డాక్టరు గోడ మీది తెరపై స్కానింగ్ తెరిచింది. నల్లటి ఊపిరితిత్తుల పైభాగాల్లో ఆవాలు చల్లినట్టు తెల్లటి చుక్కలు. "ఈ మచ్చలు టీబీవేమోనని మేమంతా నెల నుంచి తల పట్టుకున్నాం. రాతి దుమ్మువి." ఆమె నిర్మల వైపు తిరగలేదు. తిరిగి ఉంటే బాగుండునని నిర్మలకు అనిపించింది. నంద్యాల డాక్టరు మూడుసార్లు అడిగాడు. తాను విసుక్కుంది.

"పూర్తి మత్తిచ్చి, గొట్టం వేసి చేద్దామనుకున్నాం," అంది డాక్టరు. "ఈ ఊపిరితిత్తులకు గొట్టం వేస్తే తర్వాత తీయడం కష్టం కావచ్చు. ఆ చోటు వరకే తిమ్మిరెక్కించి, కొంచెం మగతగా ఉంచి చేస్తాం. కానీ నేను చెప్పినప్పుడల్లా మీరు ఊపిరి బిగబట్టాలి. ప్రతిసారీ ఒకే కొలతలో. తేడా వస్తే గడ్డ పక్కకు జరుగుతుంది. పట్టగలరా?"

"దేవతల కండ్లు రుద్దేటప్పుడు పట్టుకోవాల్సిందే గదా," అంది శాంతమ్మ. "చెయ్యి కదిలితే కన్ను పోతాది." తర్వాత కోడలితో, "కొట్టేసి మళ్ళ రాయి," అంది.

నిర్మల ఆ మాటను అడ్డంగా కొట్టేసింది. నాలుగు పేజీల్లో అదొక్కటే కొట్టివేత. గడి చిన్నది. అత్తగారి పని అందులో పట్టలేదు. అక్షరాలు గీత దాటి అంచు దాకా పోయాయి. శాంతమ్మ కళ్ళద్దాలు అడిగి తీసుకుని, అది పూర్తిగా చూసి, కింద సంతకం పెట్టింది.

రెండు గంటలు పట్టింది. బయట బెంచీ మీద భ్రమరాంబిక ఒళ్ళో ఉన్నిటోపీని మడుస్తూ, విప్పుతూ ఉంది. నిర్మల ఫైలు తెరవలేదు.

డాక్టరు వచ్చి మాస్కు దించింది. "గడ్డ చుట్టూ పూర్తిగా ఐసు పట్టింది. మేమనుకున్నంత మేరా. రెండు మూడు రోజులు దగ్గులో కొంచెం రక్తం పడొచ్చు, భయపడకండి. ఈ రాత్రికి ఇక్కడే ఉంచుతాం. నెలకు మళ్ళీ స్కానింగ్ చేస్తేగానీ గట్టిగా చెప్పలేను. కానీ పని బాగా జరిగింది. పదకొండు సార్లు ఊపిరి పట్టమన్నాను. పదకొండు సార్లూ వెంట్రుకవాసి తేడా రాలేదు."

ఆమె వెళ్ళిపోయాక రామయ్యాచారి అడిగాడు. "ఊపిరి పట్టిందా? అంటే మేలుకునే ఉండాదా? లోపల ఆమెకు ఏం చెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు మామా. ఆమే చెప్పింది."

"తెలుసా ఆమెకు?"

"సోమవారం నుంచి."

వెంకటేష్ తల తిప్పి భార్యను చూశాడు. భ్రమరాంబిక టోపీని సంచిలో, అన్నిటికంటే అడుగున పెట్టింది. శాంతమ్మ ఈ మూడు రోజులూ తనకు కొసరి కొసరి అన్నం పెట్టడం గుర్తొచ్చిందేమో, రామయ్యాచారి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మాట్లాడబోయేముందు ఎప్పటిలాగే దగ్గాడు. రెండుసార్లతో ఆగలేదు. ఐదు, ఆరు. బెంచీ కదిలింది. హైదరాబాదు వచ్చి స్నానం చేసినా ఆయన చెవి మడతల్లో తెల్లటి దుమ్ము అట్లాగే ఉంది.

పన్నెండేళ్ళుగా విన్న దగ్గే అది. నిర్మల మొదటిసారి విన్నట్టు విన్నది.

"మామా, ఆ దగ్గు ఎన్నాళ్ళ నుంచి?"

"ఏ దగ్గు? ఇదా? ఇది ఊరికే నిమ్ములేమ్మా."

ఆ మాట నోట్లోంచి బయటికి వచ్చాక ఆయనే ఆగిపోయాడు. తువ్వాలు వైపు చూసుకున్నాడు. భ్రమరాంబిక వేడినీళ్ళ ఫ్లాస్కు అందించబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు.

నిర్మల ఫైలు వెనకనున్న తెల్లకాగితం ఒకటి తీసి, మోకాలి మీద పెట్టుకుని, కలం మూత విప్పింది. పైన జబ్బు పేరేమీ రాయలేదు.

"ఎన్నాళ్ళ నుంచి మామా? చెప్పండి. నేను రాసుకుంటా."

రామయ్యాచారి వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒక చెయ్యి అయిపోయింది. రెండో చెయ్యి తీశాడు.